లేని పామునకు వణకుట

త్రాడును చూచి పామని భ్రమించినవానికి కలుగు వణకు నిజమైనదే యని మన వేదాంతులు పలుమాఱు చెప్పియున్నారు. పాము మిథ్య, పట్టిన చెమట మిథ్య కాదు. దీపము తెచ్చి చూపినతోడనే పాము పోవును, పాముతోడనే భయమును పోవును. ఈ దృష్టాంతము చెవిని పడని గృహస్థు మనలో అరుదు. అయితే అది త్రాడని చక్కగ తెలిసియుండగనే, ఆ త్రాటిని తన సొమ్ముపెట్టి తానే కొనితెచ్చుకొని, గదిలో దీపమార్పుకొని, చెవులకు యంత్రము తగిలించుకొని, దాని యెదుట కూర్చుండి వణకు మనుష్యుని గూర్చి యే భాష్యకారుడును వ్రాసియుండలేదు. నేడట్టివారు ప్రతి వీధిలోను కలరు. వారు వణకుటకై కొనుక్కొను త్రాళ్లకు భయానక వీడియో గేములని పేరు.

"బొమ్మకు భయమేమి?" అని పెద్దలు నవ్వుదురు. ఆ నవ్వులో ఒక ప్రశ్న దాగియున్నది. అది త్రోసివేయదగినది కాదు. లేదని తెలిసినదానికి భయపడుట సాధ్యమా? సాధ్యమైనచో అది భయమేనా, భయమువంటి వేఱొక భావమా? అమెరికా దేశపు తత్త్వవేత్త కెండల్ వాల్టన్ 1978వ సంవత్సరమున ఈ ప్రశ్ననే చలనచిత్రములను గూర్చి వేసికొనెను. ఆయన కల్పించిన ప్రేక్షకుడొకడు తెఱమీద తనవైపు ప్రాకివచ్చు పచ్చని జిగురుముద్దను చూచి కుర్చీని గట్టిగ పట్టుకొనును, కేక వేయును. కాని లేచి పరుగెత్తడు, పోలీసువారికి వర్తమానమును పంపడు. నిజముగ భయపడినవాడు పరుగెత్తవలెను గదా! కావున వానిది భయము కాదు, భయప్రాయమైనది మాత్రమే యని ఆయన సిద్ధాంతము.

చలనచిత్రము చూచువాని విషయమున ఈ వాదమును ఖండించుట సులభము కాదు. కాని వీడియో గేము ఆడువానిని చూడుడు. వాడు పరుగెత్తును! బొటనవ్రేలితోనే కావచ్చును, అయినను పరుగెత్తును. తలుపు మూయును, బీరువాలో దాగును, అడుగుల చప్పుడు దూరమగువఱకు ఊపిరి బిగపట్టును, పోదలచిన దారి మాని వేఱుదారి పట్టును. భయము మన జీవితములో చేయు పనియేమి? మన నిర్ణయములను మార్చుట. ఆ పనిని అది ఇచ్చట పూర్తిగ చేయుచున్నది. వైద్యుడు కానివాడు వైద్యమంతయు చేసినచో వానిని మనము వైద్యుడనకపోవచ్చును. భయమునకు మాత్రము పట్టాలు లేవు. చేయవలసిన పని యంతయు చేయుచున్నదానిని భయమని పిలువక వేఱొక పేరు వెదకుట పండితుల వినోదమని మా యభిప్రాయము.

మన ఆలంకారికులు ఈ చిక్కును మఱియొక మార్గమున విప్పిరి. భరతముని భయానకరసమునకు శూన్యగృహములు, అరణ్యములు, వికృతధ్వనులు, నక్కల గుడ్లగూబల కూతలు మొదలగువానిని కారణములుగ చెప్పెను. రెండువేల యేండ్ల తరువాతను ఏ దేశపు శిల్పి యీ ఆటను నిర్మింపదలచినను మొదట వెదకుకొను సామగ్రి యిదియే. ఇక అభినవగుప్తుడు శాకుంతలములో దుష్యంతుని బాణమునకు జడిసి పరుగెత్తు లేడిని ఉదాహరించి, ప్రేక్షకుని భయము ఆ లేడిదియు కాదు, తనదియు కాదు, ఎవరిదియు కాని సాధారణమైన భయమనెను. దేశకాలములు విడిపోయి, "నాకు", "వానికి" అను భేదము తొలగిపోవుటచేతనే అది దుఃఖము కాక రసమగుచున్నదని ఆయన తాత్పర్యము. ఇంతకంటె సూక్ష్మమైన మాట ఈ విషయమున పడమటిదేశములందును పుట్టలేదని మేము నిస్సంకోచముగ చెప్పగలము.

కాని ఆ మాట నాటకశాలకు చెందినది. అచ్చట ప్రేక్షకునకు కన్నులు కలవు, చెవులు కలవు, కాళ్లు లేవు. లేడి ఎటు పరుగెత్తవలెనో నిశ్చయించువాడు కాళిదాసు. వీడియో గేములో కాళ్లు మనవి. నడవ చివఱనున్న తలుపు తనంతట తాను తెఱచుకొనదు. మనము తెఱచినగాని కథ యొక్క యడుగు ముందునకు సాగదు. చలనచిత్రములో నాయిక చీకటి మేడమెట్లు దిగుచుండగా "దిగకుమమ్మా" యని మనము లోలోపల మొఱపెట్టుకొందుము. ఇచ్చట దిగునది మనమే. దిగుమని చెప్పువారును మనమే. అభినవగుప్తుడు తొలగించిన "నాకు" అను మాట తిరిగి వచ్చి కూర్చున్నది. భయానకమైన ఆటకును భయానకమైన కథకును గల భేదమంతయు ఈ చిన్న మాటలోనున్నదని మేము తలచుచున్నాము.

ఇంతమాత్రమున ప్రతి ఆటయు భయపెట్టునని కాదు. పెక్కు ఆటలు ఉలికిపాటును భయమని అమ్ముచున్నవి. మనవారు ఈ రెంటిని ఏనాడో వేఱుచేసిరి: భయము స్థాయిభావము, త్రాసము సంచారిభావము. ఉఱుము విని ఉలికిపడుట త్రాసము. పూర్వాపరములు విచారించుటవలన పుట్టునది భయమని పదునాఱవ శతాబ్దమున రూపగోస్వామియు వివరించెను. తలుపు చాటున నక్కి "భౌ" అను పిల్లవాడు త్రాసమును పుట్టించును. దానికి ప్రతిభ యక్కఱలేదు. నిశ్శబ్దము తరువాత పెద్ద చప్పుడును పెట్టువాడు మన చెవిని కొట్టుచున్నాడే గాని మనస్సును తాకుటలేదు.

అయినను త్రాసమును భయమునకు విత్తనముగ వాడుకొనిన నేర్పరులు కలరు. జపానుదేశమున క్యాప్‌కామ్ అను సంస్థ 1996లో వెలువరించిన "రెసిడెంట్ ఈవిల్" అను ఆటలో, ఆరంభముననే, కిటికీలుగల ఒక నడవయున్నది. ఆటగాడు సగము దూరము నడచునప్పటికి అద్దములు పగులగొట్టుకొని కుక్కలు లోపలికి దుమికును. ఉలికిపాటు ఒక క్షణము. కాని తరువాత ఆ భవనములో కిటికీగల ప్రతి నడవయు వానిని భయపెట్టును. అందు పెక్కింట ఏమియును జరుగదు. జరుగనిదానిని గూర్చి యెదురుచూచునట్లు చేయుటకు ఒక్కమాఱు జరిపి చూపుట చాలునని ఆ శిల్పులు కనుగొనిరి.

అదే ఆటలో మఱియొక వింత కలదు. ఆట యెంతవఱకు వచ్చినదో భద్రపఱచుకొనవలెనన్న ఒక పాత టైపురైటరు నొద్దకు పోవలెను; దానికి సిరా రిబ్బను కావలెను; ఆ రిబ్బనులు లెక్కకు కొన్నియే. తుపాకిగుండ్లును కొన్నియే. భయమునకు దారిద్ర్యము ముఖ్యమైన వస్తువని దీనివలన తెలియుచున్నది. నిండిన గాదె గలవానికి కఱవు మాట వినోదము. చేతిలో మూడు గుండ్లు మిగిలినవానికి గది మూలనున్న నీడ వేఱుగ కనబడును.

ఆనాటి యంత్రములు దుర్బలములగుటయు భయమునకు మేలే చేసినది. గదినుండి గదికి పోవునప్పుడు యంత్రము ఆ గదిని సిద్ధము చేసికొనుటకు కొంత వ్యవధి పట్టెడిది. ఆ వ్యవధిలో చీకటిలో ఒక తలుపు మెల్లగ తెఱచుకొనుచున్నట్లు చూపెడివారు. లోపమును కప్పిపుచ్చుటకై పెట్టిన ఆ తలుపే ఆటగాని గుండె దడకు కారణమయ్యెను. 1999లో కొనామి సంస్థవారి "సైలెంట్ హిల్" వచ్చినప్పుడును ఇట్లే జరిగినది. దూరపు దృశ్యములను చిత్రించు శక్తి ఆ యంత్రమునకు చాలదు. కనుక ఊరంతయు పొగమంచుతో కప్పిరి. ఆ పొగమంచులో కూతును వెదకికొనుచు తండ్రి తిరుగును. వాని జేబులోని చిన్న రేడియో, రాక్షసాకారము సమీపించినప్పుడెల్ల బరబరమని మ్రోగును. ఏదో వచ్చుచున్నదని తెలియును. ఎటునుండియో, ఏదియో తెలియదు. సగము తెలియుట ఏమియు తెలియకుండుటకంటె భయంకరము. అస్పష్టత లేనిదే భీతి లేదని 1757లో ఎడ్మండ్ బర్క్ తన సౌందర్యవిచారములో వాదించియుండెను. తరువాతి యంత్రములు దూరమును చక్కగ చూపగలిగినను శిల్పులు మంచును మాత్రము విడువలేదు.

ఇక 2010లో స్వీడను దేశమున ఫ్రిక్షనల్ గేమ్స్ అనువారు వెలువరించిన "ఆమ్నీషియా" అను ఆటను గూర్చి కొంత విపులముగ చెప్పవలెను. మేము స్వయముగ ఎఱిగిన ఆట యిది. ఇందు ఆటగాని చేతిలో ఆయుధమే లేదు. ఒక పాడుపడిన కోట, ఒక లాంతరు, కొంచెము నూనె. చీకటిలో నిలిచినచో కథానాయకుని మతి క్రమముగ చలించును, చూపు వంకరలు పోవును. వెలుతురులో నిలిచినచో తిరుగుచున్న వికృతాకారము వానిని చూడగలదు. అదియునుగాక ఆ యాకారమును తేఱిపాఱ చూచుచుండినను మతి చెడును. చూడవలెనను కోరిక మనుష్యునకు సహజము. శత్రువును చూడక ఎట్లు తప్పించుకొందుము? చూచినచో చెడుదుము. ఇట్లు కన్నునే దోషిగ చేసిన ఆ కల్పనను మేము మిక్కిలి మెచ్చుచున్నాము.

ఇంజనీరింగు చదువుచున్న మా మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు ఈ యాటను మా చేత ఆడించెను. ఒక నేలమాళిగలో అడుగుల చప్పుడు వినబడగా మేము ఒక మూల గోడవైపు తిరిగి నిలిచితిమి. కొంతసేపటికి, "మామయ్యా, అది వెళ్లిపోయింది, ఇక కదలండి" అని వాడు చెప్పెను. మేము కదలలేదు. వాడు మఱల చెప్పెను. వాని మాటయందు మాకు అవిశ్వాసము లేదు. వాడు ఆ యాటను మూడుమాఱులు ముగించినవాడు. అయినను వెనుకకు తిరిగి చూచుటకు వ్రేలు రాలేదు. "అది లేదు" అను జ్ఞానము ఒకచోటను, "తిరుగవద్దు" అను ఆజ్ఞ వేఱొకచోటను పుట్టుచున్నవని మేమప్పుడు ప్రత్యక్షముగ చూచితిమి. దీపము తెచ్చి త్రాటిని చూపినను కాలు ముందునకు పడని దశ యొకటి కలదు. వేదాంతులు దానికి సంస్కారమని పేరిడి, దానిని పోగొట్టుటకు ఒక్క దీపము చాలదనిరి. నిదిధ్యాసనము విధించుట అందులకే కాబోలు.

భయమునకు అన్నిటికంటె పెద్ద శత్రువు మృత్యువనిన చదువరులు ఆశ్చర్యపడుదురు. ఆటలో చచ్చినవాడు మఱల బ్రతుకును. ఒకమాఱు చచ్చినప్పుడు గుండె ఝల్లుమనును, రెండవమాఱు చికాకు, ఐదవమాఱు ఆ రాక్షసుడు, ఆలస్యమునకు కారణమైన ఒక గుమాస్తావలె కనబడును. తెలియనిది తెలిసిపోయినది. వాడెచ్చట మలుపు తిరుగునో, ఎంతసేపు నిలుచునో లెక్క దొరికినది. లెక్క దొరికిన పిదప మిగులునది గణితము.

ఈ చిక్కును 2014లో ఇంగ్లండు దేశపు శిల్పులు "ఏలియన్: ఐసొలేషన్" అను ఆటలో చక్కగ ఎదుర్కొనిరి. అందు అంతరిక్షనౌకాశ్రయమున ఒక చంపరాని మృగము ఆటగానిని వెదకుచుండును. దానిని నడపు యంత్రబుద్ధిని వారు రెండుగ విభజించిరి. ఒక బుద్ధికి ఆటగాడెచ్చటనున్నది సర్వదా తెలియును. కాని అది మృగము కాదు. మృగమునకు తెలియదు, కన్నులతో చెవులతో వెదకుకొనవలసినదే. మొదటి బుద్ధి అప్పుడప్పుడు "ఆ ప్రక్క చూడుము" అని సూచన మాత్రము చేయును. మృగము చాలసేపు దాపుననే యుండి ఆటగాని నలజడి పెట్టినచో దానిని కొంచెము దూరముగ పంపివేయును. కనుక మృగపు రాకపోకలకు లెక్క దొరకదు. అన్యాయమను మాటయు నోట రాదు. మనము బీరువాలో దాగినప్పుడు అది నిజముగనే వెదకుచున్నది. సర్వజ్ఞుడైన శత్రువు భయంకరుడు కాడు, విధి యని చేతులు ముడుచుకొందుము. మనవలెనే తప్పులు చేయుచు, చప్పుడు విని ఆగుచు, మఱల వచ్చుచు నుండు శత్రువు భయంకరుడు.

ఇంతవఱకు చెప్పినదెల్ల ప్రాణభయము. ఇంతకంటె లోతైనదొకటి కలదు. భరతముని భయానకమును మూడు తెఱగులుగ విభజించెను: నటించునది, అపరాధమువలన పుట్టునది, బెదరింపబడుటవలన కలుగునది. రెండవ తెఱగునకు మేమెఱిగిన ఆటలలో సాటిలేనిది 2001వ సంవత్సరపు "సైలెంట్ హిల్ 2". దీనిని 2024లో పోలండు దేశపువారు క్రొత్తగ నిర్మించిరి. మూడేండ్ల క్రిందట రోగముతో చనిపోయెనని తాను నమ్ముచున్న భార్యయొద్దనుండి జేమ్సు అనువానికి ఉత్తరము వచ్చును. ఆమెను వెదకికొనుచు వాడు ఆ మంచు ఊరికి పోవును. అచ్చట వానికెదురగు వికృతరూపము లొక్కొక్కటియు ఎవరో పంపినవి కావు. వాని మనస్సునుండి లేచినవే. చివరకు తెలియునది యేమనగా, రోగిణియైన భార్య ముఖముపై దిండును అదిమి చంపినవాడు వాడే.

వాడు చేసినది దయయా, విసుగా, ద్వేషమా? ఆట స్పష్టముగ చెప్పదు. రోగశయ్యపై చిరకాలము మూలుగు భార్యకో తల్లికో సేవచేసినవారు, "ఇక ముగిసిన బాగుండును" అని ఎన్నడును తలపని వారెందఱు? ఆ తలంపు పుట్టినంతనే తమ్ముతాము నిందించుకొనినవారెందఱు? జేమ్సు ఆ తలంపును దాటి చేతవఱకు పోయెను. వానిని చూచి మనము భయపడుట వాడు మనకు దూరముగ ఉండుటచేత కాదు.

ఈ యాటలో ముగింపులు పెక్కు. ఏ ముగింపు వచ్చునో నిర్ణయించునది ఆటగాడే. కాని వాని నెవ్వరును అడుగరు. గాయములు మాన్పుకొనక తిరిగెనా, దారిలో దొరికిన ఒక కత్తిని మాటిమాటికి తీసి చూచెనా, భార్య పటమును చూచుకొనెనా, వెంటవచ్చు స్త్రీని కాపాడెనా, విడిచిపోయెనా - ఇవన్నియు ఆట చప్పుడు చేయక వ్రాసికొనుచుండును. తన దేహమును లెక్కసేయనివానికి ఆత్మహత్యతో ముగియు కథ వచ్చును. చిత్రగుప్తుని చిట్టాకు ఇంతకంటె దగ్గఱి పోలిక మాకు దొరకలేదు. అయితే ఒక భేదము: చిత్రగుప్తుడు మన కర్మములను వ్రాయును. ఈ యాట మనము కర్మములని తలపనే తలపనివానిని వ్రాయును. ఆడి ముగించి, తరువాత ఈ సంగతి తెలిసికొనినవాడు మంచములో పడుకొని తానేమేమి చేసితినో జ్ఞాపకము చేసికొనును. ఆ రాత్రి వానికి కలుగు భయము రాక్షసులవలనిది కాదు.

ఇట్టి ఆటలు మన యిండ్లలో ప్రవేశింపవచ్చునా యను ప్రశ్న చదువరులు అడుగకపోరు. ఇవి దయ్యముల నమ్మకమును మఱల పుట్టించునని కొందఱు సంస్కర్తల భయము. మాకట్లు తోచదు. "ఓ స్త్రీ రేపు రా" అని తలుపులపై బొగ్గుతో వ్రాసికొనిన ఊళ్లు మనవి. దయ్యమునకు అక్షరజ్ఞానము కలదనియు, ప్రతిదినము చదివి ప్రతిదినము వెనుదిరుగునంత అమాయకురాలనియు నమ్మితిమి. ఆ భయమునకు కర్త కనబడడు. ఈ ఆటలో కర్త కనబడును: మంచు ఎందుకు పెట్టిరో, రేడియో ఎందుకు మ్రోగునో పిల్లలు తామే తర్కించుకొందురు. దయ్యమును గూర్చి "ఇది ఎట్లు చేసిరి?" అని అడిగిన బాలుడు దయ్యమును నమ్ముట కష్టము.

మాకు బాధకరముగ తోచునది వేఱొకటి. అన్నము తినకున్నను, నిద్రపోకున్నను "బూచివాడు పట్టుకొనిపోవును" అని మూడేండ్ల శిశువును వణకించు తల్లిదండ్రులే, పదునెనిమిదేండ్ల కుమారుడు కోరి భయపడుటను తప్పుపట్టుచున్నారు. శిశువునకు ఆ బూచివానిని ఆపు మీట లేదు. అది లోబఱచుకొనుటకై పెట్టిన భయము. పెట్టినవారు తాము నమ్మనిది నమ్మించి పెట్టినది. ఆట పెట్టు భయమును కుమారుడు డబ్బిచ్చి, తెలిసి, ఆపుటకు వీలుంచుకొని తెచ్చుకొనెను. ఈ రెంటిలో ఏది దోషమో నిష్పక్షపాతముగ ఆలోచింపుడు. అట్లని పదేండ్లవానికి ఈ యాటలు ఇండ్లలో తెచ్చిపెట్టుమని మేము చెప్పుటలేదు. ఐరోపాలో ఇట్టివానిలో పెక్కింటి పెట్టెలపై 18 అను అంకెను ముద్రింతురు. సైలెంట్ హిల్‌లోని దిండును మోయగల మనస్సు బాల్యములో ఉండదు గనుక ఆ యంకె న్యాయమే. ఆ యంకెను చదువకయే ఫోనును చేతికిచ్చు తండ్రులు మా యెఱుకలో చాలమంది కలరు.

అయితే ఆపు మీట యున్నంతమాత్రమున ఆపగలరా? ఇది మేము మా విద్యార్థులలో చూచుచున్న సంగతి. ఒంటరిగ ఆడు బాలుడు భయము మిక్కిలియైనప్పుడు చెవులనుండి యంత్రమును తీసివేయును. మఱునాడు తానే చెప్పుకొని నవ్వును. నలుగురు చేరి ఆడునప్పుడు కథ మాఱును. మీట చేతిలోనున్నవాడు వణకుచుండును. చుట్టునున్నవారు ప్రేక్షకులు, వారిది అభినవగుప్తుని భయము, రుచిగానే యుండును. "పిఱికివాడా, తలుపు తెఱువురా" అందురు. వాడు తెఱచును. ఆటలోని తలుపునకు జడిసి కాదు, మిత్రుల నవ్వునకు జడిసి. అట్టి యొక బాలుడు మొన్న మా యొద్దకు వచ్చి, "మాస్టారూ, ఆట ఆపేస్తే వీళ్లు నెల రోజులు ఏడిపిస్తారండి" అనెను. ఎప్పుడు ఆపవలెనో వానికే వదలి, ఆపినవానిని ఎవ్వరును ఏమియు అనరాదని ఆ నలుగురిచేతను మేము ఒప్పించితిమి. వారానికి ఒకమాఱు చేరి యింకను ఆడుచునే యున్నారని వినుచున్నాము.